పట్టి చూసే మెతుకు

అమెరికాలో ఒక పెద్ద స్కూలు డిస్ట్రిక్టులో (ఒక ప్రాంతంలోని బడులన్నిటినీ నడిపే స్థానిక విభాగం అది) మూడో తరగతి పిల్లలకి ఏటా లెక్కల పరీక్ష పెట్టేవాళ్లు. మార్కులు బాగా వస్తే బడికి మంచి పేరు, రాకపోతే పైనుంచి అక్షింతలు. ఏళ్ల తరబడి అదే పరీక్ష నడిచింది, మార్కులూ బాగానే వచ్చేవి. తర్వాత వేరే సంస్థ తయారుచేసిన పరీక్షకి మారారు. ఆ మొదటి ఏడాది సగటు దాదాపు అర విద్యా సంవత్సరం చదువు మేర పడిపోయింది. నాలుగేళ్లయ్యేసరికి మళ్లీ పాత ఎత్తుకి చేరింది. టీచర్లు పట్టుదలగా పనిచేశారనుకుని అందరూ సంతోషించి ఉంటారు. అప్పుడు డేనియల్ కొరెట్జ్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ ఒక చిన్న పని చేశారు. పక్కన పడేసిన ఆ పాత పరీక్షనే తెచ్చి, కొన్ని తరగతుల పిల్లలకి మళ్లీ పెట్టారు. ఒకప్పుడు అంత బాగా మార్కులొచ్చిన పేపర్లో ఈసారి అర సంవత్సరం వెనకబడ్డారు. 1991లో ఈ ఫలితాలు బయటికొచ్చాయి. పిల్లలకి లెక్కలు రావడంలో పెద్ద తేడా ఏమీ లేదు. ఏ ఏడాది ఏ పేపరు పెడుతున్నారో ఆ పేపరు చేయడం మాత్రం బాగా వచ్చేసింది.

పరీక్ష ఎందుకు పెడతామో మనం తరచూ మర్చిపోతాం. అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే గిన్నెంతా చూడక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఏ మెతుకు చేతికొస్తుందో ముందు ఎవరికీ తెలియదు కాబట్టే ఆ ఒక్కటీ గిన్నెంతటి గురించీ నిజం చెబుతుంది. ఏడాది పాఠాల్లోంచి ఓ నలభై ప్రశ్నలు ఏరి పేపరు తయారుచేయడం కూడా అలాంటిదే. ఆ నలభై ప్రశ్నలకి సొంత విలువేమీ లేదు, పేపర్లోకి రాని వందల ప్రశ్నల తరఫున అవి వచ్చి కూర్చున్నాయి. ఇప్పుడు వండేవాళ్లతో 'ఫలానా మూలనున్న మెతుకే పట్టి చూస్తాం, అది పలుకైతే నీ ఉద్యోగం ఉండదు' అని ముందే చెప్పామనుకోండి. మంటంతా ఆ మూలకే పెడతారు. దానికి వాళ్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదు, చెప్పిన మాట వినేవాళ్లయితే చాలు.

నాకు పరీక్షల మీద కోపం లేదు. కొన్నాళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. పరీక్ష పెట్టకుండానే ఎవరికేం వచ్చిందో పట్టేయగలనని చెప్పుకునే ధైర్యం లేదు. నా తగాదా ఒకే పరీక్ష చేత రెండు పనులు చేయించడంతో. కొలవడం ఒక పని. ఆ కొలత పట్టుకుని పిల్లవాడి తలరాతా, టీచరు జీతమూ, బడి భవిష్యత్తూ తేల్చేయడం ఇంకో పని. ఈ రెండో పని నెత్తిన పెట్టగానే మొదటిది చెడుతుంది. పిల్లల మీదా టీచర్ల మీదా పడే దెబ్బల్లో చాలావాటికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

ఈ మాట నా కన్నా చాలా ముందు డోనాల్డ్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1970ల్లో సూత్రం లాగా చెప్పాడు. నిర్ణయాలకి ఒక అంకె మీద ఎంత ఎక్కువ ఆధారపడితే, ఆ అంకెని చెడగొట్టే ఒత్తిళ్లు అంత పెరుగుతాయి, అది కొలవాల్సిన పని కూడా అంత వంకర పోతుంది అన్నాడు. అందుకు బడి పరీక్షల్ని కూడా ఉదాహరణగా చూపించాడు.

క్యాంప్‌బెల్‌కి వందేళ్ల ముందే ఇంగ్లండు దీన్ని అనుభవంలో చూసింది. 1862లో రాబర్ట్ లో (Lowe) అనే రాజకీయ నాయకుడు ప్రాథమిక బడులకిచ్చే గ్రాంటుని పిల్లల హాజరుకీ, చదవడం, రాయడం, లెక్కల్లో వాళ్లు పాసవడానికీ ముడిపెట్టాడు. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వస్తాడు, పిల్లల్ని ఒక్కొక్కర్నీ పరీక్షిస్తాడు. ఒక సబ్జెక్టులో తప్పితే ఆ పిల్లవాడి పేరు మీద వచ్చే డబ్బులో 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. కవి మాథ్యూ ఆర్నాల్డ్ పొట్టకూటికి చేసిన ఉద్యోగం ఈ ఇన్‌స్పెక్టరుదే. తెలివిగా తయారుచేస్తే చాలు, నిజంగా చదవడం, రాయడం, లెక్కలు చేయడం రాకుండానే పిల్లల్ని ఈ పరీక్ష గట్టెక్కించవచ్చని తేలిందని ఆయన తన నివేదికలో రాశాడు. ఏడాదంతా ఒకే వాచకం అరిగేదాకా వల్లెవేయిస్తే, ఇన్‌స్పెక్టరు ఎదుట పుస్తకం తెరిచిన పిల్లవాడు 'చదివేస్తాడు'. అది చదవడమో అప్పజెప్పడమో పక్కన నిలబడ్డవాళ్లకి తెలియదు. ఈ పద్ధతి వదిలించుకోవడానికి ఆ దేశానికి ముప్పై ఏళ్లకి పైనే పట్టింది.

అయినా ఆ పాఠం ఎవరికీ గుర్తుండలేదు. 2002 జనవరిలో అమెరికా అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యు. బుష్ సంతకం పెట్టిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం మూడు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలందరికీ ఏటా చదవడంలో, లెక్కల్లో పరీక్ష పెట్టమంది. 2014 కల్లా నూటికి నూరు మంది పిల్లలూ నిర్ణీత స్థాయి అందుకోవాలంది. (నూటికి నూరు అని రాసుకున్న ప్రభుత్వ లక్ష్యం ఏ శాఖలో కనబడినా నాకు ముందు వచ్చేది నవ్వే.) వరసగా వెనకబడే బడులకి మెట్టుమెట్టుగా శిక్షలు, చివరి మెట్టు మీద సిబ్బందిని మార్చేయడం కూడా ఉండేది. ఆ చట్టాన్ని 2015లో మరో చట్టంతో మార్చేశారు. ఈలోగా అది బడి రోజుని ఎలా మార్చిందో అంకెలున్నాయి. 2007లో ఒక దేశవ్యాప్త సర్వే చూస్తే, 62 శాతం డిస్ట్రిక్టులు ప్రాథమిక బడుల్లో చదవడానికో లెక్కలకో సమయం పెంచాయి. 44 శాతం డిస్ట్రిక్టులు సైన్సు, సాంఘికం, బొమ్మలు, సంగీతం, ఆటల్లాంటి వాటిలో కొన్నిటికి సమయం కోసేశాయి. రోజుకున్న గంటలు అన్నే కదా మరి.

సబ్జెక్టుల మీద వేటు పైకి కనబడుతుంది. పరీక్ష ఉన్న సబ్జెక్టు లోపల పడే వేటు కనబడదు, అది నాకు ఇంకా పెద్దదిగా తోస్తుంది. త్రిభుజం వైశాల్యం చకచకా కట్టే పిల్లలుంటారు. అదే త్రిభుజాన్ని కాస్త వాల్చి, భూమి పక్కకి పోయేలా గీసి ఇస్తే 'ఇది సిలబస్‌లో లేదు కదా సార్' అంటారు. వాళ్ల తప్పు లేదు. పాత పేపర్లలో త్రిభుజాలన్నీ బుద్ధిగా అడుగు మీద కూర్చునే ఉంటాయి. టీచరు కూడా ఆ పాత పేపర్లే చేయించాడు. ఎత్తు అంటే పైకున్న గీత అని పిల్లవాడి బుర్రలో పడిపోయింది. వాడికి మార్కులు పూర్తిగా వస్తాయి, ఎత్తు అంటే ఏమిటో మాత్రం రాదు. బిట్ల పేపరైతే ఇంకో విద్య కూడా నేర్పుతుంది: నాలుగు జవాబుల్లో రెండు కొట్టేసి, మిగిలిన రెండింటినీ ప్రశ్నలో పెట్టి చూడటం. లెక్క చేయడం కన్నా ఇదే త్వరగా అవుతుంది. టైము చూసుకునే పిల్లవాడు అదే పట్టుకుంటాడు.

ఇప్పుడు టీచర్ల సంగతి. ఒత్తిడి వస్తే టీచర్లు బద్ధకం వదిలి అందరికీ ఇంకా బాగా చెబుతారని పైవాళ్ల లెక్క. జెన్నిఫర్ బూహర్-జెన్నింగ్స్ అనే సోషియాలజిస్టు టెక్సస్‌లో ఒక ప్రాథమిక బడిని దగ్గరుండి చూసి 2005లో రాసింది చదివితే ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది. ఆ బడిలో టీచర్లు పిల్లల్ని మూడు రకాలుగా విడదీశారు. ఎలాగూ పాసయ్యేవాళ్లు, కొంచెం తోస్తే పాసయ్యేవాళ్లు, ఎంత తోసినా కానివాళ్లు. అదనపు క్లాసులు, విడిగా కూర్చోబెట్టి చెప్పడం, స్పెషలిస్టు టీచర్ల సమయం అంతా మధ్యవాళ్లకి పోయింది. యుద్ధంలో గాయపడ్డవాళ్లని డాక్టర్లు విడదీసే పద్ధతి ఇది. అక్కడ మందులు చాలవు కాబట్టి తప్పలేదు. ఇక్కడ ఆ కరువుని తెచ్చిపెట్టింది పాస్ మార్కు అనే గీతే. గీత దాటించిన పిల్లవాడికే లెక్క. గీతకి చాలా కింద ఉన్న పిల్లని పదిహేను మార్కులు పైకి లాగినా ఆమె ఇంకా గీత కిందే ఉంటుంది, రిపోర్టులో ఆ శ్రమ సున్నా. తర్వాత షికాగోలో ఆర్థికవేత్తలు నీల్, షాంజెన్‌బాక్ మార్కుల లెక్కలు తీసి చూస్తే ఇదే ఆకారం కనిపించింది. మధ్యనున్న పిల్లలు పెరిగారు, అట్టడుగు పిల్లలకి ఒరిగిందేమీ లేదు.

'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' అన్న ఆ చట్టం పేరుకి, ఏ ఒక్క బిడ్డనీ వెనక వదలకూడదని అర్థం.

పేపర్లు దిద్దినవాళ్లందరికీ తెలిసిన క్షణం ఒకటుంటుంది. మొత్తం కూడి చూస్తే పాస్ మార్కుకి ఒకటో రెండో తక్కువ. మళ్లీ మొదటి పేజీకి వెళ్తాం. ఆరో ప్రశ్నలో స్టెప్పు సగం రాశాడు కదా, అరమార్కు ఇవ్వొచ్చు. ఇక్కడ రాతలో తప్పే గానీ భావం ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో రీజెంట్స్ పరీక్షలని హైస్కూలు పిల్లలకి ఉంటాయి, చాలాకాలం వాటిని సొంత బడి టీచర్లే దిద్దేవారు. 2004 నుంచి 2010 దాకా వచ్చిన మార్కులు తీసి ఆర్థికవేత్తలు గ్రాఫు గీస్తే, పాస్ మార్కు కిందే లోయ, సరిగ్గా పాస్ మార్కు దగ్గర గుట్ట. గీతకి దగ్గరగా ఉన్న మార్కుల్లో సుమారు 40 శాతం పైకి జరిపినవేనని వాళ్ల అంచనా. అలా గట్టెక్కిన పిల్లలు హైస్కూలు పూర్తిచేసే అవకాశం పెరిగిందని కూడా వాళ్లే చెప్పారు. ఇంగ్లండులో 2012లో ఆరేళ్ల పిల్లలకి పెట్టిన ఫోనిక్స్ పరీక్షలో (అక్షరాల శబ్దాలు కలుపుకుని మాటలు చదవడం అందులో చూస్తారు) 40కి 32 వస్తే పాసు అని టీచర్లకి ముందే తెలుసు, ఒక్కొక్కర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మార్కు వేసేదీ వాళ్లే. దేశం మొత్తం ఫలితాల్లో 31 దగ్గర నీరసం, 32 దగ్గర ఒక్కసారిగా శిఖరం. పాస్ మార్కు ముందుగా చెప్పడం తర్వాత మానేశారు.

దీన్ని మోసం అనాలా? నేను అనలేను. ఒక్క మార్కుకి ఒక పిల్ల బతుకు ఆగిపోతుందని తెలిసీ ఆగిపోనిచ్చే టీచరు కన్నా, వెనక్కి వెళ్లి అరమార్కు వెతికే టీచరు దగ్గరే నా పిల్లలు చదువుకోవాలని కోరుకుంటాను. అయితే ఆ అరమార్కు అందరికీ సమానంగా దొరకదు. ఏ టీచరు మనసు మెత్తన, ఏ పిల్ల ఆ టీచరుకి ఇష్టం అన్నదాని మీద ఉంటుంది. అందరికీ ఒకే కొలబద్ద ఉండాలన్నదే కదా ఈ పరీక్షలకి ఉన్న పెద్ద సమర్థన. గీత దగ్గర పందెం ఎంత పెద్దదైతే ఆ కొలబద్ద అంత వంగుతుంది. జాలి గల చేతులతోనే వంగుతుంది.

కొన్నిచోట్ల జాలి లేని చేతులతోనూ వంగింది. అమెరికాలోని అట్లాంటా నగరంలో మార్కులు ఏటా అద్భుతంగా పెరుగుతుంటే ఆ నగరాన్ని దేశమంతా మెచ్చుకుంది. జవాబు పత్రాల్లో తప్పు జవాబు చెరిపి ఒప్పు దిద్దిన గుర్తులు మామూలుగా ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ ఉన్నాయని ఒక విశ్లేషణ పట్టుకుంది. 2011లో రాష్ట్ర ప్రభుత్వ దర్యాప్తు నివేదిక 44 బడుల్లో అక్రమాలు జరిగాయనీ, 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల ప్రమేయం ఉందనీ తేల్చింది. ఎనభై మందికి పైగా ఒప్పుకున్నారు. 2015లో పదకొండు మందికి ముఠా నేరాల చట్టం కింద శిక్షలు పడ్డాయి. టీచర్లని ఆ చట్టం కింద నిలబెట్టడం అతి అని నాకిప్పటికీ అనిపిస్తుంది. కానీ వాళ్లని వెనకేసుకు రావడం కూడా నా వల్ల కాదు. ఎందుకంటే దిద్దిన ప్రతి జవాబు వెనకా నిజంగా చదవడం రాని పిల్ల ఒకరున్నారు. మార్కులు బాగానే ఉన్నాయి కాబట్టి ఆ పిల్లకి రావాల్సిన సాయం రాలేదు.

మోసం దాకా వెళ్లకుండా చట్టబద్ధంగా చేసే విద్యలు కూడా చాలానే ఉన్నాయి. వర్జీనియాలో శిక్ష అంచున ఉన్న బడులు పరీక్షల రోజుల్లో మధ్యాహ్న భోజనంలో కేలరీలు పెంచాయని డేవిడ్ ఫిగ్లియో, జాషువా వినికీ కనిపెట్టారు. ఇది చదివి నవ్వుకోవచ్చు. ఫ్లోరిడాలో ఫిగ్లియో చూసింది నవ్వు రానిది. ఒకే గొడవలో దొరికిన ఇద్దరు పిల్లల్లో మార్కులు తక్కువ వచ్చేవాడికి ఎక్కువ రోజుల సస్పెన్షన్ పడేది, ఆ తేడా పరీక్షల రోజులు దగ్గరపడగానే పెరిగేది. పరీక్షలేని తరగతుల్లో అలా పెరగలేదు.

ఇదంతా పిల్లలకి తెలియదనుకోవద్దు. మూడు గుంపుల్లో తాను ఏ గుంపో ప్రతి పిల్లకీ వారంలో తెలిసిపోతుంది. టీచరు కళ్లు ఎవరి మీద ఆగుతున్నాయో చూస్తే చాలు. పరీక్షలు పిల్లల్ని భయపెడతాయన్నది అందరూ ఒప్పుకునే మాటే, దానికి పెద్ద వ్యాసం అక్కర్లేదు. భయం వల్ల పరీక్ష కొలిచే వస్తువే మారిపోతుందన్నది అంతగా ఎవరూ పట్టించుకోని మాట. న్యూ ఆర్లీన్స్‌లో కొందరు పిల్లల లాలాజలం తీసి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొలిచారు. తలరాత పరీక్షలున్న వారంలో అది మామూలు వారం కన్నా సగటున 15 శాతం ఎక్కువ. హార్మోను బాగా పెరిగినవాళ్లకీ బాగా పడిపోయినవాళ్లకీ, ఇద్దరికీ, వాళ్ల మామూలు చదువుని బట్టి రావాల్సిన మార్కుల కన్నా తక్కువొచ్చాయి. అంటే ఆ పేపరు మీదున్న అంకెలో లెక్కలెంత వచ్చు అన్నది కొంత, ఆ పొద్దున శరీరం ఎంత తట్టుకుంది అన్నది కొంత. ఇంట్లో గొడవలున్న పిల్లలకి రెండోదే ఎక్కువ బరువని వేరే చెప్పాలా?

ఇజ్రాయెల్లో స్కూలు చివర రాసే బగ్రుత్ పరీక్షల మీద జరిగిన అధ్యయనం ఇంకా విచిత్రం. అవ్రహాం ఎబెన్‌స్టీన్, విక్టర్ లావీ, సెఫీ రోత్ అనే ఆర్థికవేత్తలు ప్రతి పరీక్ష రోజూ గాలిలో ఎంత ధూళి ఉందో తీసి మార్కుల పక్కన పెట్టారు. ఒకే విద్యార్థికి గాలి బాగాలేని రోజు రాసిన పేపర్లో మార్కులు తగ్గాయి. అక్కడితో ఆగితే సరదా సంగతి. అలా తగ్గిన మార్కులు ఆ పిల్లల పై చదువుల్లోనూ, పెద్దయ్యాక వాళ్ల జీతాల్లోనూ కూడా కనిపించాయి. ఫలానా రోజు గాలి ఎటు వీచింది అన్నది ఒక మనిషి సంపాదనలో పదేళ్ల తర్వాత కూడా మిగిలిపోతుందంటే, తప్పు గాలిది కాదు, ఒక్కరోజు మీద అంత బరువు పెట్టినవాళ్లది.

టీచర్లకి మార్కులు వేయడం గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే ఇందులో వాదించడానికి ఎక్కువ మిగల్లేదు. పిల్లల మార్కులు ఎంత పెరిగాయో ఫార్ములాలో వేసి టీచరు విలువ కట్టే పద్ధతి ఒకటి వచ్చింది. పరీక్ష మార్కుల్లో మొత్తం తేడాల్లో టీచరు వల్ల వచ్చేది 1 నుంచి 14 శాతమేనని చాలా అధ్యయనాలు చెబుతున్నాయని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2014లో ఒక ప్రకటనలో గుర్తుచేసింది. ఫ్లోరిడాలో పరీక్షలేని సబ్జెక్టులు చెప్పే టీచర్లకి తాము ఎన్నడూ పాఠం చెప్పని పిల్లల మార్కులతో రేటింగు ఇచ్చారు. వాళ్లు కోర్టుకెళ్తే, ఇది అన్యాయమే గానీ రాజ్యాంగ విరుద్ధం కాదన్న తీర్పు వచ్చింది. హ్యూస్టన్ టీచర్లు వేసిన కేసులో 2017లో ఫెడరల్ జడ్జి ఇంకో సంగతి ఎత్తిచూపాడు. ఆ రేటింగు లెక్క ఓ ప్రైవేటు కంపెనీ రహస్యం, అందులో తప్పుందో లేదో టీచరు సరిచూసుకునే దారే లేదు. లెక్కల టీచర్నైనా సరే, 'నీ మార్కులు ఇంతే, ఎలా వచ్చాయని అడగకు' అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. స్టెప్పులు చూపించకపోతే మార్కులు లేవని పిల్లలకి మనం చెప్పే మాట గుర్తొచ్చింది నాకు.

ఇంతదాకా చదివి 'అయితే ఈ పరీక్షలన్నీ ఎత్తేద్దాం' అనేవాళ్లుంటారు. వాళ్లతో నేను లేను. దానికి ఆధారాలు కూడా నన్ను అంత తేలిగ్గా వదలవు. 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం వచ్చాక నాలుగో తరగతి లెక్కల్లో పిల్లలు నిజంగానే మెరుగయ్యారని థామస్ డీ, బ్రయన్ జేకబ్ 2011లో చూపించారు. వాళ్లు వాడింది బడులకి ఏ శిక్షా లేని వేరే జాతీయ పరీక్ష మార్కులు, కాబట్టి ఇది ఉబ్బిన అంకె అని కొట్టిపారేయలేం. చదవడంలో మాత్రం అలాంటి మెరుగుదల కనబడలేదు. వేల్స్ 2001లో బడుల ర్యాంకుల పట్టికలు ప్రచురించడం మానేసింది, పక్కనున్న ఇంగ్లండు మానలేదు. తర్వాతి ఏళ్లలో వేల్స్ బడులు వెనకబడ్డాయని బ్రిస్టల్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్క తేల్చారు, ముందే బాగున్న బడులకి తప్ప. పైవాళ్ల కన్ను లేకపోతే బాగుపడేది ఎవరు, నష్టపోయేది ఎవరు అంటే, నష్టపోయేది మళ్లీ ఆ అట్టడుగు బడుల పిల్లలే. నా వాదానికి ఇది ఇబ్బందే.

ఇంకో మాట కూడా వాళ్ల వైపు చెప్పాలి. పేరూ ఊరూ తెలియని చోట దిద్దే పేపరు, టీచరుకి నచ్చని పిల్లకి కూడా న్యాయం చేస్తుంది. వెనక ఎవరూ లేని పిల్లలు చాలామంది అలాంటి పేపరు చేత పట్టుకునే పైకొచ్చారు. పరీక్షలు తీసేసి 'సమగ్ర మూల్యాంకనం' అని పెడితే, ఆ ఖాళీలోకి సిఫార్సులు వచ్చి కూర్చుంటాయి.

నా మనసు తేల్చుకోవడానికి సాయపడింది టెక్సస్ మీద డేవిడ్ డెమింగూ ఆయన సహచరులూ చేసిన అధ్యయనం. 1990ల్లో అక్కడ బడులకి పాస్ శాతాన్ని బట్టి రేటింగులు ఉండేవి. మరీ తక్కువ రేటింగు పడే ప్రమాదంలో ఉన్న బడుల్లో పిల్లలు నిజంగా బాగుపడ్డారు. వాళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు పెరిగారు, పాతికేళ్ల వయసుకి సంపాదనా పెరిగింది. ఇంకొంచెం పైకెళ్లి మంచి రేటింగు తెచ్చుకునే ఆశలో ఉన్న బడుల్లో మాత్రం బలహీనమైన పిల్లల్ని స్పెషల్ ఎడ్యుకేషన్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు) కింద రాసేసి లెక్కలోంచి తప్పించారు. పెద్దయ్యాక ఆ పిల్లల చదువులూ సంపాదనలూ దెబ్బతిన్నాయి. అదే రాష్ట్రం, అవే పరీక్షలు. పూర్తిగా చేతులెత్తేసిన బడిని ఒత్తిడి కదిలించింది. సర్దుకోవడానికి చోటున్న బడికి పిల్లల్ని కాక అంకెల్ని సర్దుకునే దారి చూపించింది. కాబట్టి పరీక్ష ఉండాలా వద్దా అన్నది తప్పు ప్రశ్న. దాని మీద ఏం వేలాడదీశాం, ఎవరి మెడలో, ఎంత బరువు అని అడగాలి.

కొలిచే పనికి ఇప్పటికే మంచి పనిముట్టు ఉంది. అమెరికాలోనే 1969 నుంచి నడుస్తున్న జాతీయ పరీక్ష ఒకటుంది, పైన డీ, జేకబ్ వాడింది దాన్నే. కొన్ని బడులు, వాటిలో కొందరు పిల్లలు. ఒక్కొక్కరికీ మొత్తం ప్రశ్నల్లో చిన్న ముక్కే ఇస్తారు. ఏ పిల్లకీ మార్కుల కార్డు రాదు. ఏ టీచరూ దానికోసం తయారుచేయలేడు, చేయాల్సిన అవసరమూ లేదు. ఏ ప్రాంతంలో ఏ వర్గం పిల్లలు వెనకబడ్డారో మాత్రం తెలిసిపోతుంది. ఫిన్లాండు కూడా జాతీయ స్థాయిలో ఇలా కొందర్ని ఎంచుకునే కొలుస్తుంది. పిల్లలు రాసే పెద్ద జాతీయ పరీక్ష హైస్కూలు చివర ఒక్కటే. ఇలాంటి కొలతలో ఒక ప్రాంతం వెనకబడి కనిపిస్తే, శిక్ష పంపించే ముందు మనిషిని పంపించాలి. తరగతిలో కూర్చుని చూసి, టీచరుతో మాట్లాడి, పుస్తకాలున్నాయో లేవో చూసే మనిషిని. వేల్స్ లాంటి చోట పోయింది ఈ కన్నే అని నా అనుమానం. ర్యాంకుల పట్టిక దానికి చవకబారు మారుపని చేసేది.

తరగతిలో ఏ భారమూ లేని చిన్న పరీక్షలు ఎన్ని పెడితే అంత మంచిది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక పాఠం రెండుసార్లు చదివినవాళ్లకి వారం తర్వాత 42 శాతం గుర్తుంది. ఒకసారి చదివి, రెండోసారి చదివే బదులు గుర్తున్నది రాసినవాళ్లకి 56 శాతం గుర్తుంది. జవాబు తన బుర్రలోంచి తోడుకునే పనే నేర్చుకోవడం. మార్కుల రిజిస్టర్లో ఎక్కని స్లిప్ టెస్టు అంటే పిల్లలకి సరదా, ఎక్కేదంటే కడుపునొప్పి. తేడా ప్రశ్నల్లో లేదు.

సీట్లు తక్కువ, అభ్యర్థులు ఎక్కువ ఉన్నచోట మాత్రం ఈ సలహాలేవీ పనిచేయవు. అక్కడ ఎవర్నో ఆపాలి, ఆపడానికి గీత కావాలి. ఆ గీతకి అటూ ఇటూ ఒకటి రెండు మార్కుల తేడాలో ఉన్న పిల్లల మధ్య తెలివిలో తేడా ఉందని నమ్మే టీచరు నాకు తారసపడలేదు. పోటీ పరీక్షలు నడిపేవాళ్లకి కూడా పొరపాటుకి ఎంత చోటుందో తెలుసు. నెదర్లాండ్స్‌లో 1970ల నుంచి 2017 దాకా మెడికల్ సీట్లకి లాటరీ తీసేవారు. స్కూలు మార్కులు ఎక్కువున్నవాళ్లకి సీటొచ్చే అవకాశం ఎక్కువ, కానీ చాలామందికి చివరికి చీటీయే. మధ్యలో తీసేసి, 2023లో కావాలనుకున్న యూనివర్సిటీలకి మళ్లీ ఆ వీలు కల్పించారు. ఈ మాట చెబితే చాలామంది తల్లిదండ్రులు మండిపడతారు, కష్టపడి చదివిన పిల్లకి చీటీలా అని. కనీస స్థాయి పరీక్షతోనే తేల్చి, గీత దగ్గర గుమిగూడిన పిల్లల మధ్య మాత్రం చీటీ తీయడం నాకు సమ్మతమే. ఇప్పుడు వాళ్ల మధ్య తేల్చేది ఆ రోజు గాలీ, తలనొప్పీ, దిద్దినవాళ్ల ఓపికా. చీటీలో సీటు రాని పిల్లకి తనకి తెలివి తక్కువని ఎవరూ చెప్పలేరు. తర్వాతి ఏడాది ఆమెని ఇంకో పన్నెండు నెలలు అదే పాత పేపర్ల ముందు కూర్చోబెట్టాల్సిన అవసరం కూడా ఉండదు.